విడాకుల పిటిషన్‌లో ఎవరూ చదవని మొదటి పేజీ, అందులో ఉండే పేరు

విడాకుల పిటిషన్ డ్రాఫ్ట్ లాయర్ ఆఫీసు నుంచి వాట్సాప్‌లో వచ్చిందంటే ఇంట్లో అందరూ కూర్చుని చదువుతారు. కట్నం ఎంతిచ్చారో రాసిన పేరా, ఇంట్లోంచి ఎప్పుడు పంపేశారో రాసిన పేరా, పెద్దమనుషుల్లో పెట్టిన పంచాయితీ పేరా, ఇవన్నీ ఒకటికి పదిసార్లు చదివి, "అది శ్రావణమాసం కాదు, దసరా సెలవుల్లో" అని తేదీలు కూడా సరిచేయిస్తారు. మొదటి పేజీ మాత్రం ఎవరూ చదవరు. అందులో ఏముంటుంది, కోర్టు పేరు, కేసు నంబర్ కోసం వదిలిన ఖాళీ, ఆ కింద పిటిషనర్, అంటే కేసు వేసినవాళ్లు ఎవరు, రెస్పాండెంట్, అంటే అవతలి పక్షం ఎవరు, ఎవరి భార్య, ఎవరి కూతురు, వయసు, వృత్తి, అడ్రస్, అంతే. దీన్నే కాజ్ టైటిల్ అంటారు. మన పేరు మనకి తెలీదా, కట్టుకున్నవాడి పేరు తెలీదా అనుకుని తిప్పేస్తారు. కేసు గెలిచాక ఏళ్ల తరబడి చేతిలో పట్టుకుని తిరిగేది ఆ పేజీనే. పాస్‌పోర్ట్ ఆఫీసులో వాళ్లకి, రెండో పెళ్లి రిజిస్టర్ చేసే సబ్ రిజిస్ట్రార్‌కి, వీసా ఫైలు చూసే ఆఫీసర్‌కి మీ అత్తగారు ఏమన్నదో అక్కర్లేదు. డిక్రీలో, అంటే కోర్టు ఇచ్చిన విడాకుల ఉత్తర్వులో ఉన్న పేరు, మీ కార్డు మీదున్న పేరు ఒకటేనా కాదా, వాళ్లు చూసేది ఇదొక్కటే.

ఇది ప్రపంచంలో అందరికీ ఉండే సమస్యే గానీ మన తెలుగువాళ్లకి కాస్త ఎక్కువ. మనకి ఇంటిపేరు ముందొస్తుంది, అది ఒకచోట పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరంగా, మరోచోట అసలు లేకుండా ఉంటుంది. పేరు మధ్యలో వెంకట, సత్య, నాగ, లక్ష్మి లాంటివి రెండు మూడుంటాయి, ఇంట్లో వాళ్లు వాటిలో ఒకదాన్ని కత్తిరించి పిలుస్తారు, బ్యాంకు వాడు ఇంకోదాన్ని కత్తిరిస్తాడు. తెలుగులో రాస్తే లక్ష్మి అనేది ఒక్కటే, ఇంగ్లిష్‌లో రాస్తే ఒకడు కే ఎస్ హెచ్ పెడతాడు, ఒకడు ఎక్స్ పెడతాడు. సౌజన్యలో ఒకరికి ఓ తర్వాత యూ ఉంటుంది, ఇంకొకరికి డబ్ల్యూ. శ్రీనివాస్‌కి ఎన్ని స్పెల్లింగులున్నాయో లెక్కపెట్టడం మొదలుపెడితే సాయంత్రం అయిపోద్ది. దీనికి తోడు న్యూమరాలజీ, ఎవరో చెప్పారని మధ్యలో ఒక ఏ ఎక్స్‌ట్రా. ఇక ఆధార్ మొదలైన కొత్తల్లో క్యాంపులో గంటల తరబడి లైన్లో నిలబడి చేయించుకున్నవాళ్ల కార్డుల సంగతి వేరే చెప్పాలా, ఆపరేటర్ ఎలా కొడితే అదే పేరు.

ఆడవాళ్ల దగ్గరికొచ్చేసరికి ఇంకో మెలిక. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలని మన చట్టంలో ఎక్కడా లేదు, అది ఆనవాయితీ మాత్రమే. కొందరు అన్నిట్లో మారుస్తారు, కొందరు ఆధార్‌లో మార్చి పాన్‌లో మార్చరు, టెన్త్ మెమోలో మార్చడం ఎలాగూ జరగదు. కొన్ని ఇళ్లల్లో అత్తగారిదీ కోడలిదీ ఒకే పేరైతే కోడలికి కొత్త పేరు పెట్టి పిలవడం పాత అలవాటు, ఆ పేరే రేషన్ కార్డులోకి ఎక్కిపోయిన సందర్భాలూ ఉంటాయి. చర్చిలో పెళ్లి చేసుకున్నవాళ్లలో కొంతమందికి చర్చి రిజిస్టర్‌లో బాప్తిస్మం పేరు, సర్టిఫికెట్లలో ఇంకో పేరు. ఇంటిపేరు కస్తూరివారు ఇల్లంతా గబ్బిలాల కంపు అని సామెత ఉంది గానీ, కోర్టు కాయితాల దగ్గర ఇంటి కంపుని ఎలాగోలా రుజువు చేయొచ్చు, ఇంటిపేరు దగ్గరే ఇరుక్కుంటాం.

ఒక ఉదాహరణ అనుకుందాం. కొత్తపల్లి వెంకట లక్ష్మీ సౌజన్య అనే అమ్మాయి, ఈ పేరు ఇక్కడ కల్పించిందే. టెన్త్ మెమోలో పూర్తి పేరు ఇదే. పెళ్లి మామిడిపల్లి వాళ్ల అబ్బాయితో అయింది, పెళ్లి కార్డులో చి.ల.సౌ. సౌజన్య అని మాత్రమే వేశారు. మ్యారేజ్ సర్టిఫికెట్‌లో కె.వి.ఎల్. సౌజన్య, ఎందుకంటే ఫారం నింపిన డాక్యుమెంట్ రైటర్ గడి సరిపోక ఇనిషియల్స్ కొట్టాడు. ఏడాది తర్వాత ఆధార్‌లో మామిడిపల్లి సౌజన్య అయింది. పాస్‌పోర్ట్ పెళ్లికి ముందుది కాబట్టి అందులో కొత్తపల్లి, భర్త పేరు గడి ఖాళీ. నాలుగేళ్లకి విడాకులు. లాయర్ దగ్గర గుమస్తా "ఐడీ ప్రూఫ్ ఇవ్వండమ్మా" అంటే ఆధార్ ఇచ్చింది, ఆయన అందులో ఉన్నట్టే టైప్ చేశాడు. ఇందులో ఎవరి తప్పూ లేదు, ఎవరూ అబద్ధం రాయలేదు. కానీ చివరికి వచ్చిన కాయితాలు పక్కపక్కన పెట్టి చూస్తే కె.వి.ఎల్. సౌజన్యకి పెళ్లయింది, మామిడిపల్లి సౌజన్యకి విడాకులొచ్చాయి. కాయితం మీద కె.వి.ఎల్. సౌజన్య ఇంకా పెళ్లయిన మనిషే.

ఇలా తేడా వచ్చినంత మాత్రాన విడాకులు చెల్లవా అంటే, చెల్లుతాయి, అంత భయపడాల్సింది లేదు. చట్టం అడిగేది ఏంటంటే, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 7 రూల్ 1 ప్రకారం దావాలో వేసినవాళ్ల పేరు, వివరాలు, నివాసం ఉండాలి, అవతలివాళ్లవి తెలిసినంతవరకు ఉండాలి. హిందూ వివాహ చట్టం 1955 కింద వేసే పిటిషన్లకీ వీలైనంతవరకు ఈ సీపీసీ పద్ధతే వర్తిస్తుందని అదే చట్టంలో సెక్షన్ 21 చెప్తుంది. కోర్టులు ఎప్పట్నుంచో ఒక తేడా చూస్తాయి, మనిషి సరైనవాడే కానీ పేరు తప్పు రాశారా, లేక అసలు మనిషే వేరా అని. మొదటిదైతే దిద్దుకునే తప్పు, రెండోదైతే కేసే లేదు. భార్యాభర్తల కేసులో మనిషి ఎవరన్న అనుమానం మామూలుగా రాదు కాబట్టి స్పెల్లింగ్ తేడా వల్ల డిక్రీ రద్దయిపోవడం లాంటివి జరగవు. ఇబ్బంది అంతా కోర్టు బయట, ఆ డిక్రీని వాడుకునే చోట.

అలాగని కోర్టు లోపల ఏ ఇబ్బందీ ఉండదనీ కాదు. సమన్లు వెళ్లే దారి చూడండి. పిటిషన్ ఫైల్ చేశాక ఆఫీసు వాళ్లు చెక్ చేసి, మ్యారేజ్ సర్టిఫికెట్‌లో ఒక పేరు, పిటిషన్‌లో ఒక పేరు ఉంటే అబ్జెక్షన్ రాసి రిటర్న్ చేయొచ్చు, దాన్ని సరిచేసి మళ్లీ ప్రెజెంట్ చేసేసరికి కొన్ని రోజులు పోతాయి. సరే కేసుకి నంబర్ పడింది, ఫ్యామిలీ కోర్టు అయితే ఎఫ్‌సీఓపీ, సీనియర్ సివిల్ జడ్జి కోర్టు అయితే హెచ్‌ఎంఓపీ అని నంబర్ ముందు ఉంటుంది. సమన్లు పంపడానికి ఫీజు, అదే బ్యాటా, కట్టారు, వాటిని అందించే కోర్టు ఉద్యోగి, అంటే ప్రాసెస్ సర్వర్, సమన్లు పట్టుకుని ఆ అడ్రస్‌కి వెళ్లాడు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని పేరు చెప్పి అడిగితే ఆ పేరుతో ఎవరూ లేరు సార్ అంటాడు, ఎందుకంటే అక్కడ ఆ మనిషిని అందరూ ఇంకో పేరుతో పిలుస్తారు. సర్వర్ అదే రాసుకుని వెనక్కి వస్తాడు. పోస్టులో పంపిన కవరు కూడా అలాంటి వ్యక్తి లేరు అని తిరిగొస్తుంది. మళ్లీ ఫ్రెష్ స్టెప్స్, మళ్లీ వాయిదా, చివరికి సీపీసీ ఆర్డర్ 5 రూల్ 20 కింద పేపర్ ప్రకటనకి పిటిషన్. ఆ పేపర్ ప్రకటనలోనూ తప్పు పేరే పడితే, పొద్దున్నే టీ తాగుతూ ఆ పేజీ చూసినా అది తన గురించేనని అవతలి మనిషికి తట్టదు.

సమన్లు అందినా ఇంకో ముచ్చట ఉంది. వాయిదా రోజు కోర్టు హాలు బయట జనం కిక్కిరిసి ఉంటారు, ఫ్యాను ఉన్న చోట చోటు దొరకదు, అటెండర్ గుమ్మం దగ్గరికొచ్చి కాజ్ టైటిల్‌లో ఉన్న పేరు మూడుసార్లు గట్టిగా పిలుస్తాడు. పుట్టినప్పటి నుంచి బుజ్జి అనో, సౌజన్య అనో పిలిపించుకున్న మనిషికి "మామిడిపల్లి వెంకటలక్ష్మీ" అని వినపడితే అది తననే అని వెంటనే వెలగదు. లాయర్ పక్క కోర్టులో ఉంటే అంతే సంగతులు, పిలిచారు, రాలేదు, ఎక్స్‌పార్టీ సెట్ చేశారు, అంటే ఆ మనిషి లేకుండానే కేసు నడిచిపోతుంది. తర్వాత దాన్ని తీయించుకోవడానికి మళ్లీ ఒక ఐఏ, అంటే అదే కేసులో వేసే చిన్న పిటిషన్.

ఇప్పటిదాకా చెప్పుకున్నది పొరపాటు సంగతి. కావాలని పేరుని మసకబార్చేవాళ్లూ ఉంటారు, ఇది కొంచెం వివరంగా మాట్లాడుకోవాల్సిందే. భార్య ఎక్కడుందో తెలుసు, ఆవిడ ఫోన్ నంబర్ తెలుసు, అయినా పిటిషన్‌లో పెళ్లికి ముందు పేరు, ఎప్పుడో ఖాళీ చేసిన అద్దె ఇంటి అడ్రస్ రాసి, సమన్లు తిరిగొచ్చేలా చేసి, ఎవరూ చదవని పేపర్లో ప్రకటన ఇచ్చి ఎక్స్‌పార్టీ డిక్రీ తెచ్చుకోవడం. తెలివైన పని అనుకుంటారు. ఆర్డర్ 9 రూల్ 13 కింద సమన్లు సరిగ్గా అందలేదని చూపిస్తే ఎక్స్‌పార్టీ డిక్రీ పక్కన పెట్టించవచ్చు, దానికి గడువు 30 రోజులే గానీ, సమన్లు సరిగ్గా అందని కేసులో ఆ 30 రోజులు మొదలయ్యేది డిక్రీ తేదీ నుంచి కాదు, ఆ మనిషికి డిక్రీ గురించి తెలిసిన రోజు నుంచి. అంటే మూడేళ్ల తర్వాత తెలిసినా తలుపు తెరిచే ఉంటుంది. ఈలోపు ఆయన రెండో పెళ్లి చేసేసుకుని ఉంటే, డిక్రీ పక్కకి పోగానే మొదటి పెళ్లి మళ్లీ నిలబడుతుంది, రెండో పెళ్లి పరిస్థితి ఏంటన్నది పెద్ద తలనొప్పి అవుతుంది. పైగా పిటిషన్ కింద వెరిఫికేషన్ అని ఒక పేరా ఉంటుంది, ఇందులో రాసినవన్నీ నాకు తెలిసినంతవరకు నిజమే అని సంతకం పెడతారు, తెలిసీ అబద్ధం రాస్తే కోర్టు ఎంక్వైరీ వేసి అబద్ధపు సాక్ష్యం కేసు దాకా తీసుకెళ్లొచ్చు, పాత ఐపీసీ 193, 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 229. ఇక్కడ రెండో వైపూ చెప్పాలి. కేసు సంగతి పూర్తిగా తెలిసి, వాయిదా తేదీ తెలిసి, కోర్టుకొచ్చి చెప్పుకునే టైమూ ఉండి, సమన్లలో నా పేరులో ఒక అక్షరం తప్పుంది కాబట్టి నాకు అందనట్టే అని కూర్చుంటే కుదరదు, సమన్లు అందించడంలో లోపం ఒక్కటే చూపించి డిక్రీ రద్దు చేయకూడదని అదే రూల్‌లో రాసుంది.

అవతలి మనిషి అసలు పేరేంటో నిజంగా తెలియని కేసులూ ఉంటాయి, వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ సంబంధం మధ్యవర్తి ద్వారా వచ్చి, మూడు వారాల్లో పెళ్లయిపోయి, ఆరు నెలల్లో విడిపోయినవాళ్లని అడగండి. అబ్బాయిని అందరూ చిన్నా అన్నారు, కార్డులో సాయి తేజ అని వేశారు, పాస్‌పోర్ట్‌లో ఏముందో ఈ పిల్ల ఎప్పుడూ చూడలేదు. ఇలాంటప్పుడు మొదట చేయాల్సింది మ్యారేజ్ సర్టిఫికెట్ కాపీ తీయడం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే పెళ్లిళ్ల రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది కాబట్టి చాలామందికి అది ఉండే అవకాశం ఉంది. అది లేకపోతే జాయింట్ అకౌంట్ కాయితాలు, ఇన్సూరెన్స్ నామినీ, పిల్లల బర్త్ సర్టిఫికెట్, ఏదో ఒకదాంట్లో పూర్తి పేరు ఉంటుంది. పెళ్లి కార్డు, ఫొటోలు పెళ్లి జరిగిందని చూపించడానికి బాగానే పనికొస్తాయి, పేరుకి మాత్రం కార్డుని నమ్ముకోకూడదు, అది ప్రింటింగ్ ప్రెస్ వాడికి మామయ్య ఫోన్లో చెప్పిన పేరు.

మరి ఎలా రాయాలి? లాయర్లలో జాగ్రత్తగలవాళ్లు చేసే పద్ధతి చాలా సింపుల్. పెళ్లికి రుజువుగా ఏ కాయితం పెడుతున్నారో అందులో ఉన్న పేరు ముందు, మిగతా పేర్లన్నీ దాని వెనక అలియాస్ పెట్టి. అంటే మన ఉదాహరణలో "కె.వి.ఎల్. సౌజన్య అలియాస్ కొత్తపల్లి వెంకట లక్ష్మీ సౌజన్య అలియాస్ మామిడిపల్లి సౌజన్య". చూడ్డానికి పోలీస్ స్టేషన్లో రౌడీషీటర్ పేరులా ఉందని కొంతమంది ఆడపిల్లల తండ్రులు మొహం చిట్లిస్తారు, అలియాస్ అనే మాటకి మన దగ్గర ఆ వాసన ఉంది, నిజమే. కానీ ఆ ఒక్క మాట తర్వాత పది అఫిడవిట్లని తప్పిస్తుంది. దాంతోపాటు పిటిషన్ లోపల ఒక చిన్న పేరా, ఆధార్‌లో పేరు ఇలా ఉంది, పాస్‌పోర్ట్‌లో ఇలా ఉంది, ఇవన్నీ ఒకే మనిషివి అని, ఆ కార్డుల కాపీలని ఎగ్జిబిట్లుగా మార్క్ చేయించడం. చివర్లో కోర్టుని కోరే చోట కూడా "పిటిషనర్‌కీ రెస్పాండెంట్‌కీ మధ్య పెళ్లి రద్దు చేయండి" అని ఊరుకోకుండా, ఏ తేదీన ఏ ఊళ్లో ఏ గుళ్లో జరిగిన పెళ్లి, రిజిస్ట్రేషన్ నంబర్ ఎంత అన్నది రాయిస్తే, రేపు పేరులో చిన్న తేడా ఉన్నా ఏ పెళ్లి రద్దయిందో అనుమానం రాదు. భర్త పేరుకీ ఇదే లెక్క, తన పేరు మూడుసార్లు చూసుకుని భర్త పేరు జ్ఞాపకం మీద చెప్పేవాళ్లే ఎక్కువ, అక్కడే దొర్లుతాయి.

మ్యూచువల్ కన్సెంట్ కేసుల్లో, అంటే హిందూ వివాహ చట్టం సెక్షన్ 13బి కింద ఇద్దరూ కలిసి వేసే పిటిషన్లలో, ఈ పని ఇంకా తేలిక కావాలి, ఇద్దరూ ఒక టేబుల్ దగ్గరే కూర్చుంటారు కాబట్టి. కానీ ఎక్కువ తప్పులు వీటిలోనే. ఎందుకంటే తొందర. గొడవ పడే ఓపిక ఇద్దరికీ అయిపోయి ఉంటుంది, త్వరగా సంతకాలు పెట్టి బయటపడాలి, రెండో మోషన్‌కి, అంటే ఇద్దరూ రెండోసారి కోర్టుకొచ్చి ఒప్పుకున్నామని చెప్పడానికి, ఆరు నెలలు ఆగాలన్న రూల్‌ని కూడా 2017 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత తగిన కేసుల్లో కోర్టు మాఫీ చేయొచ్చు కాబట్టి కేసు గబగబా నడిచిపోతుంది. ఒకరు అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉంటే వాళ్ల తరఫున నాన్నగారికి జీపీఏ, అంటే తమ తరఫున సంతకాలు పెట్టే అధికార పత్రం. ఆ జీపీఏ అక్కడ కాన్సులేట్‌లో పాస్‌పోర్ట్ చూసి చేస్తారు, ఇక్కడ పిటిషన్ ఆధార్ చూసి టైప్ చేస్తారు, రెండూ ఒకే ఫైల్లో కలిసేసరికి జీపీఏ ఇచ్చినవాడు ఒకడు, పిటిషనర్ ఇంకొకడు అయి కూర్చుంటారు. బయటి దేశంలో రాసిన జీపీఏ ఇండియాకి చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంప్ వేయించుకోవాలి, అది గుర్తుపెట్టుకుని పరిగెత్తే మనిషి కూడా అందులో పేరు మాత్రం చూడడు.

తప్పు దొర్లిందని తెలిశాక ఎప్పుడు దిద్దుకున్నారన్నదాన్ని బట్టి ఖర్చు ఉంటుంది. ఫైలింగ్‌కి ముందైతే టైపిస్టుకి ఇంకో కాయితం. నంబర్ అయ్యాక అయితే ఆర్డర్ 6 రూల్ 17 కింద సవరణ పిటిషన్, విచారణ మొదలు కాకముందైతే పేరు దిద్దడానికి పెద్దగా ఎవరూ అడ్డు చెప్పరు. విచారణ మొదలయ్యాక అయితే, ఎంత జాగ్రత్త తీసుకున్నా ముందే ఎందుకు చెప్పలేకపోయామో కోర్టుకి నచ్చజెప్పాలి, 2002 సవరణతో ఆ షరతు వచ్చింది. డిక్రీ వచ్చేశాక అయితే సీపీసీ సెక్షన్ 152, తీర్పులో డిక్రీలో చేతిపొరపాటు వల్ల వచ్చిన తప్పుల్ని అదే కోర్టు ఎప్పుడైనా సరిచేయొచ్చు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. పిటిషన్‌లో పేరు కరెక్ట్‌గా ఉండి డిక్రీ టైప్ చేసేటప్పుడు తప్పు పడితే సెక్షన్ 152 చక్కగా సరిపోతుంది. పిటిషన్‌లోనే తప్పు పేరుంటే, కోర్టు మీరిచ్చిన పేరే రాసింది కదా, మా పొరపాటు ఎక్కడుంది అనే ప్రశ్న వస్తుంది. మనిషి ఒకరే అని తేలితే దిద్దే అవకాశాలు ఉన్నాయి గానీ అవతలి పక్షానికి నోటీసు వెళ్లాలి, ఆ అవతలి మనిషి ఈలోపు ఇంకో పెళ్లి చేసుకుని టెక్సాస్‌లో పిల్లల్ని స్కూల్లో దింపుతుంటాడు, పాత భార్య దగ్గర్నుంచి కోర్టు నోటీసు అనగానే కొత్త కాపురంలో ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదే.

అందుకే సర్టిఫైడ్ కాపీ చేతికొచ్చిన రోజే చదవాలి. జడ్జిమెంట్ వేరు, డిక్రీ వేరు, రెండు కాయితాలు, రెండిట్లోనూ కాజ్ టైటిల్ ఉంటుంది, ఒకదాంట్లో సరిగ్గా ఉండి రెండోదాంట్లో తప్పుండొచ్చు. తండ్రి పేరు, వయసు, కేసు నంబర్‌లో సంవత్సరం, పెళ్లి తేదీ అన్నీ కలిపి చూసుకోవాలి.

నోటరీ దగ్గర "ఇద్దరూ ఒకరే" అనే అఫిడవిట్ చేయించుకుంటే సరిపోదా అని అడుగుతారు. కొన్నిచోట్ల సరిపోతుంది. కానీ అది ఎవరి మాట? మీ మాటే, మీ సంతకంతో. దాన్ని ఒప్పుకోవాలా లేదా అన్నది అవతల కుర్చీలో ఉన్నవాడి ఇష్టం, కోర్టు డిక్రీలో అలియాస్ అని ఉంటే అతని ఇష్టంతో పని లేదు. తేడా అంతా అక్కడుంది.

పాస్‌పోర్ట్‌లో భర్త లేదా భార్య పేరు తీయించాలంటే డిక్రీ చూపించాలి, పాస్‌పోర్ట్ చివరి పేజీలో ఉన్న ఆ పేరూ డిక్రీలో రెస్పాండెంట్ పేరూ కలవాలి కదా. 2016 డిసెంబర్‌లో విదేశాంగ శాఖ రూల్స్ కొంచెం సడలించి, విడాకులైనవాళ్లు, విడిగా ఉంటున్నవాళ్లు దరఖాస్తులో జీవిత భాగస్వామి పేరు ఇవ్వక్కర్లేదని చెప్పింది, అది మంచి పనే, ఆడవాళ్లకి చాలా ఊరట. కానీ పాత పాస్‌పోర్ట్‌లో ఒకసారి పేరు ఎక్కి ఉన్నవాళ్లకి ఆ తేడా వెంటాడుతుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి కూతురు విడాకులు తీసుకుంటే కొన్ని షరతులతో ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది, అందులో తల్లిదండ్రులు బతికుండగానే డిక్రీ రావాలి, కనీసం కేసు వాళ్లు బతికుండగా వేసి ఉండాలి. అప్పుడు సర్వీస్ రికార్డులో కూతురి పేరు పుట్టింటి పేరుతో ఉంటుంది, డిక్రీలో అత్తింటి పేరు, పైగా వైఫ్ ఆఫ్ అని మాత్రమే రాసి డాటర్ ఆఫ్ రాయకపోతే ఈ కాయితంలో ఉన్న ఆవిడ ఆ రిటైర్డ్ ఉద్యోగి కూతురే అని చూపించడానికి ఒక్క ముక్కా దొరకదు. కాజ్ టైటిల్‌లో వైఫ్ ఆఫ్‌తో పాటు డాటర్ ఆఫ్ కూడా రాయించడం ఇందుకే. రెండు మాటల పని.

అమెరికా కథ వేరు. పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్, గివెన్ నేమ్ అని రెండు గళ్లుంటే మనవాళ్లలో కొందరు పేరంతా ఒక్క గడిలోనే నింపేస్తారు, అప్పుడు అమెరికా వీసా మీద పేరు ఉండాల్సిన చోట ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది, ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదని. అదే డ్రైవింగ్ లైసెన్స్ మీదకి, జీతం చెక్కు మీదకి ఎక్కుతుంది. అక్కడ విడాకులు వేస్తే ఎఫ్‌ఎన్‌యూ అనే మనిషి మీద కేసు నడిచే పరిస్థితి. ఇక్కడి డిక్రీ అక్కడ వాడాలన్నా తంటానే, గ్రీన్ కార్డ్ కోసం భార్యనో భర్తనో స్పాన్సర్ చేసేటప్పుడు ఇద్దరివీ పాత పెళ్లిళ్లన్నీ చట్టప్రకారం ముగిశాయని కాయితం చూపించాలి, పేర్లు కలవకపోతే ఇంకా ఆధారాలు పంపండి అని ఆర్‌ఎఫ్‌ఈ వస్తుంది, ఫైలు నెలల తరబడి ఆగుతుంది. అక్కడి డిక్రీ ఇక్కడ చెల్లుతుందా అనేది ఇంకా పెద్ద ప్రశ్న, తిరుపతిలో పెళ్లి చేసుకున్న జంటకి మిస్సోరీ కోర్టు ఇచ్చిన విడాకుల మీద 1991లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పే ఇప్పటికీ దీనికి ఆధారం, భార్య తనంతట తాను ఆ కోర్టుకి ఒప్పుకోకుండా తెచ్చుకున్న విదేశీ డిక్రీని ఆ తీర్పులో గుర్తించలేదు. పేరు సరిగ్గా ఉన్నంత మాత్రాన ఈ విషయంలో గట్టెక్కరు.

ఇంగ్లండ్‌లో 2022 ఏప్రిల్ 6 నుంచి ఎవరి తప్పూ చూపించకుండా విడాకులు అడగొచ్చు, ఆన్‌లైన్ ఫారంలోనే పని అయిపోతుంది. ఆ ఫారం పేరు దగ్గర మాత్రం ఒకటికి రెండుసార్లు అడుగుతుంది, మ్యారేజ్ సర్టిఫికెట్‌లో మీ పేరు, మీ భాగస్వామి పేరు ఎలా ఉన్నాయో అచ్చం అలాగే రాయమని, పెళ్లి తర్వాత పేరు మారిందా, మారితే ఎలా అని. సర్టిఫికెట్ ఇంగ్లిష్‌లో లేకపోతే సర్టిఫై చేసిన అనువాదం కూడా పెట్టాలి. మన కోర్టుల్లో పిటిషన్ ఫలానా ప్రశ్నలకి జవాబులుగా కాకుండా టైపిస్టు దగ్గరున్న పాత కేసు ఫైల్‌ని కాపీ చేసి పేర్లు మార్చడంతో మొదలవుతుంది, అందుకే ఎవరో గుంటూరు ఆయన పేరు ఏడో పేరాలో మిగిలిపోయిన పిటిషన్లు కూడా కోర్టులకి వస్తుంటాయి. పేరు మారిందా అన్న ఒక్క ప్రశ్న ఇక్కడ కూడా ఎవరైనా అడిగితే సగం గొడవ తగ్గుతుంది.

విడాకులయ్యాక పుట్టింటి పేరుకి తిరిగి రావాలనుకునేవాళ్లకి చివరి చిక్కు ఇంకోటి. డిక్రీ వచ్చింది కదా అని పేరు దానంతట అది మారదు, ప్రతి కార్డుకీ విడిగా తిరగాలి. కేంద్ర గెజిట్‌లో పేరు మార్చుకుని పెళ్లికి ముందు పేరు పెట్టుకోవాలంటే డిక్రీ కాపీ గానీ భర్త నుంచి నిరభ్యంతర పత్రం గానీ ఇవ్వాలన్న నిబంధన మీద 2024లో ఒక మహిళ ఢిల్లీ హైకోర్టుకి వెళ్లారు, నా పేరుకి ఆయన పర్మిషన్ ఏంటి అని, న్యాయమైన ప్రశ్నే. ఆధార్‌లో అయితే పేరు మార్చుకోవడానికి జీవితకాలంలో రెండే అవకాశాలు. పెళ్లయిన ఏడాదికి ఇంటిపేరు మార్చినప్పుడు ఒకటి అయిపోయింది. విడాకుల తర్వాత వెనక్కి వచ్చినప్పుడు రెండోది. ఆ రెండో మార్పు చేసేటప్పుడు డిక్రీలో పేరు చూసి ఆపరేటర్ ఒక అక్షరం తేడాగా కొట్టాడా, మూడోసారి కావాలంటే మీసేవలో పని కాదు, ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ రీజనల్ ఆఫీసు ప్రత్యేకంగా ఒప్పుకోవాల్సిందే, రెండు రాష్ట్రాలకీ అది హైదరాబాద్‌లోనే ఉంది.